వేలు తీసేదాకా నొక్కినట్టు కాదు

మా ఏలీయా గారి లెక్కలో బటన్ మీద వేలు పెట్టినంత మాత్రాన నొక్కినట్టు కాదు. వేలు తీస్తేనే నొక్కినట్టు. టచ్ ఫోన్లకి ప్రోగ్రాములు రాసేవాళ్లందరికీ తెలిసిన సూత్రమే ఇది. కాకపోతే ఆయన దాన్ని ఫోనుతో ఆపకుండా టీకొట్టుకీ, బస్సుకీ, పెళ్లిచూపులకీ కూడా పట్టుకెళ్లారు. అందుకే ఇన్నేళ్ల తరవాత కూడా ఆయన్ని తలుచుకుంటే నాకు ఒక్కదాన్నే కూర్చున్నా నవ్వొస్తుంది.

రెండువేల ఏడో సంవత్సరం. ఏలూరు పవర్‌పేటలో ఒక బట్టలకొట్టు మేడమీద, ఫోన్లకి ప్రోగ్రాములు రాసే మా ఆఫీసు. యజమాని కిరణ్ కుమార్ గారు, సీనియర్ ఏలీయా గారు, జూనియర్‌ని నేను. నా పేరు రూబీ. తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజరులో వచ్చేదాన్ని. అప్పటికి టచ్ ఫోనంటే అరచేతిలో ఇటుకంత బరువుండేది. దానికో ప్లాస్టిక్ పుల్ల. ఆ పుల్ల మొదటి వారంలోనే పోయేది. ఆ తరవాత గోటితో గట్టిగా నొక్కుకోవడమే. ఇప్పటివాళ్లు వేలితో నిమురుతుంటే చూస్తాను కదా, మేము మాత్రం పొడిచేవాళ్లం.

ఉద్యోగంలో చేరిన రోజున ఆయన ఫోను నా ముందు పెట్టి, ఒక బటన్ మీద వేలు పెట్టమన్నారు. పెట్టాను.

"నొక్కారా అండీ?"

"నొక్కానండి."

"లేదండి. పెట్టారంతే. ఇప్పుడు వేలు తీయకుండా పక్కకి జరిపి, అప్పుడు తీయండి."

అలాగే చేశాను. ఏమీ కాలేదు. ఆయన మొహం వెలిగిపోయింది. మనిషన్నాక పొరపాటున తప్పు బటన్ మీద వేలు పెడతాడనీ, పెట్టాక నాలిక కరుచుకుంటాడనీ, వాడికి పక్కకి జరుపుకునే సందు ఉంచాలనీ చెప్పారు. "సందు లేకపోతే అది మెషీను కాదండి, ఎలకలబోను" అన్నారు. బాగానే ఉందనుకున్నాను. టీకి కిందకి దిగేదాకా.

కింద నిత్యానందం టీకొట్టు. ఏలీయా గారు రెండు వేళ్లు చూపించి రెండు టీ అనేవారు. అయితే ఆ వేళ్లు దించేదాకా నిత్యానందం టీ పొయ్యకూడదు. మధ్యలో ఒకటి కాఫీ కావచ్చు, ఒకటి వద్దనిపించవచ్చు. నిత్యానందం గ్లాసు ఒక చేత్తో, గిన్నె ఒక చేత్తో పట్టుకుని "దించారా అండీ?" అని అడుగుతూ నిలబడేవాడు. వెనకాల జనం. పాపం, అలవాటైపోయి చివరికి అందర్నీ అదే అడగడం మొదలుపెట్టాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఏం దించాలో తెలియక చేతిలో సంచీ దించేవారు.

బస్సు సంగతి మరీ ఘోరం. ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు నేలమీద. ఎక్కుతారా మానేస్తారా అని కండక్టరు అరిస్తే "ఇంకా వేలు తీయలేదండి" అనేవారు. కండక్టరు వంగి, తలుపు సందులో ఎవరి వేలు ఇరుక్కుందా అని వెతికేవాడు.

పెళ్లిచూపుల కథ నాకు ఆయన భార్య చంద్రకళ గారే చెప్పారు. మండవల్లిలో చూపులయ్యాక, అమ్మాయి ఒప్పుకుందని పెద్దలు గట్టిగా చెప్పారట. ఈయన మాత్రం, ఆవిడ ఒప్పుకోలు ఇప్పుడే లెక్కలోకి తీసుకోవద్దు, వారం ఆగుదాం, ఈలోగా ఆవిడ వేలు పక్కకి జరుపుకోవాలంటే జరుపుకోవచ్చు అన్నారట. పిల్లాడికి మతి స్థిమితం లేదేమోనని అమ్మాయి నాన్నగారు ఊరంతా వాకబు చేశారు. చంద్రకళ గారు మాత్రం, తన మాట నిజంగా తనదేనా అని అడిగిన మనిషి ఈయనొక్కడేనని వారం తరవాత కూడా అదే మాట మీద ఉన్నారు.

కిరణ్ కుమార్ గారికి ముక్కుమీద కోపం. వారానికోసారి ఏలీయా గారితో రేపట్నుంచి రావద్దు అనేవారు. మర్నాడు ఠంచనుగా ఈయన వచ్చేసేవారు. ఏమిటని అడిగితే, మీరు వేలు తీసినట్టు అనిపించలేదండీ అనేవారు. దాంతో కిరణ్ కుమార్ గారికి నవ్వొచ్చేసేది.

అలాంటి రోజుల్లో ఆకివీడు నుంచి ఒక పని వచ్చింది. గంగాధరరావు గారిది చేపల షెడ్డు. కొల్లేరు వైపు చెరువుల్లో పట్టిన చేపలు అక్కడికొచ్చి, కాటా మీద తూగి, ఐసులో సర్దుకుని లారీ ఎక్కుతాయి. కాటా దగ్గర హన్నమ్మ అనే పెద్దావిడ. ట్రే తూగగానే గోడకున్న నల్లబోర్డు మీద సుద్దముక్కతో ఒక గీత గీస్తుంది. షెడ్డు పెట్టినప్పట్నుంచీ అదే పని. ఆ గీతల బదులు టచ్ ఫోను కావాలన్నారు గంగాధరరావు గారు. మేం రాసిచ్చాం. చేపరకానికొకటి చొప్పున బొచ్చెకో బటన్, శీలావతికో బటన్. ట్రేకి ఒక్క నొక్కు.

హన్నమ్మ కుడిచెయ్యి వణుకుతుందని మాకెవరూ చెప్పలేదు. సుద్దముక్కతో చిక్కు లేదు. గీత వంకరపోయినా ఒక గీత ఒకటే. ఫోను మీద అలా కాదు కదా. ఆవిడ వేలు పడుతుంది, వణుకుతుంది, రవ్వంత లేస్తుంది, మళ్లీ పడుతుంది. మా సూత్రం ప్రకారం లేచినప్పుడల్లా ఒక నొక్కు. ఒక ట్రే మూడు ట్రేలైంది. సాయంత్రానికి ఫోను చెప్పినన్ని చేపలు మొత్తం కొల్లేరులో ఉన్నాయో లేవో.

గంగాధరరావు గారు ముందు నవ్వారు, తరవాత విసుక్కున్నారు. ఆయనేం చెడ్డమనిషి కాదు. కొత్తగా కొన్న వస్తువు మీద మోజున్న మనిషి. మెషీను మారదు, చెయ్యే మారాలి అన్నారు. కాటా దగ్గర వేరే మనిషిని పెడితే హన్నమ్మకి షెడ్డులో ఇంకో పని లేదు. ఆ చేత్తో ట్రేలు మొయ్యలేదు.

"సుద్దముక్క ఇచ్చెయ్యండి బాబుగారండీ. ఎప్పట్లాగే గీతలు గీసుకుంటాను" అందావిడ.

ఆయన ఆదివారం దాకా చూస్తానన్నారు. ఆ రోజు తిరుగు బస్సులో ఏలీయా గారు రెండు కాళ్లతో తిన్నగా లోపలికెక్కి కూర్చున్నారు. నాకప్పుడే భయమేసింది.

మర్నాటినుంచీ ఆయనకి వణుకు మొదలైంది. కుడిచెయ్యి గడగడలాడుతోంది. గ్లాసులో సగం టీ చొక్కామీదే. ఊళ్లో మలేరియా తిరుగుతోంది, రక్తపరీక్ష చేయించండమ్మా అని నిత్యానందం నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఆయన తాగుడు మొదలెట్టారేమోనని కిరణ్ కుమార్ గారు దగ్గరికెళ్లి వాసన చూశారు. ఏలీయా గారేమో సోడాకొట్టు నుంచి ఐసుముక్క తెప్పించుకుని, వేళ్లు కొయ్యబారేదాకా పట్టుకుని, ఆ తడిచేత్తో ఫోనుని పొడుస్తున్నారు. ఇంట్లో అన్నం కూడా వణుకుతూనే తింటున్నారనీ, అడిగితే ప్రాక్టీసు అంటున్నారనీ చంద్రకళ గారు ఆఫీసుకొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

నాకు ఒళ్లు మండింది. ఆకివీడులో ఒకావిడ కూడు పోయేలా ఉంటే ఈయనగారి వేషాలేమిటని నిలదీశాను.

"ఆవిడ కోసమే కదండీ" అన్నారు, ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టు. "ఆవిడ చెయ్యి నాక్కూడా వస్తే గానీ ఎక్కడ తప్పిందో తెలియదు. తెలిసింది. వేలు తీస్తే నొక్కినట్టే అనుకున్నాను చూశారా, అదండీ తప్పు. తీసిన వేలు వెంటనే మళ్లీ పడుతుంటే అది తీయడం కాదు. తీశాక కూడా కాస్త ఆగి చూడాలి."

అదీ సంగతి. ఆయన వణికింది హన్నమ్మ వణుకు. ఆ ఐసు షెడ్డులో ఐసు. వెంటనే సోడాకొట్టుకెళ్లి ఇంకో ఐసుముక్క నేనే తెచ్చిపెట్టాను. వేలు లేచాక ఫోను రవ్వంతసేపు కాచుకునేలా ఇద్దరం కలిసి ప్రోగ్రాము మార్చాం. ఈలోగా అదే వేలు అక్కడే పడితే అదంతా ఒక్క నొక్కే. బటన్లని ఇడ్లీలంత చేశాం. వేలు అంచు దాటి కాస్త జారినా పరవాలేదు.

ఆదివారం ఆకివీడు వెళ్లేసరికి లారీ సిద్ధంగా ఉంది. ఫోను చూపించబోతే గంగాధరరావు గారు చెయ్యి అడ్డం పెట్టారు. శ్రమపడొద్దన్నారు. హన్నమ్మని రేపట్నుంచి రావద్దని పొద్దున్నే చెప్పేశారట. ఉండి అనే ఊరి నుంచి వేరే మనిషి వస్తున్నాడట. హన్నమ్మ కాటా పక్కన చీరకొంగు చేతికి చుట్టుకుని నిలబడి ఉంది, చెయ్యి కనపడకుండా.

"అనేశారా అండీ?" అన్నారు ఏలీయా గారు. "వేలు తీసేశారా?"

ఆయన జబ్బు అప్పటికి ఆకివీడు దాకా తెలుసు. "తీసేశానండి. మాటంటే మాటే" అన్నారు గంగాధరరావు గారు.

అయిపోయిందనుకున్నాను. వేలు తీసేశాక ఆయన సూత్రంలో ఇంకేం మిగల్లేదు కదా. ఏలీయా గారు మాత్రం నవ్వారు.

"నేనూ అక్కడే పొరపడ్డానండి. తీశాక కూడా కాస్త ఆగాలి. ఈ ఒక్క లారీ ఆగండి."

ఫోను హన్నమ్మ ముందు పెట్టారు. మొదటి ట్రే కాటా ఎక్కింది. బొచ్చె. ఆవిడ వేలు పడింది, లేచింది, పడింది, లేచింది. ఫోను పలకలేదు. హన్నమ్మ భయంగా ఈయన వంక చూసింది. అప్పుడు టిక్కుమని ఒకటి. ఒక్కటే. తరవాత శీలావతి. ఒకటి. ట్రేలు మోసేవాళ్లు కూడా ఆగి చూసి, ఫోనుతో పాటు తామూ పైకి లెక్కపెట్టసాగారు. లారీ నిండాక చూస్తే లోపల ఎన్ని ట్రేలో ఫోనులోనూ అన్నే.

గంగాధరరావు గారికి నమ్మకం కుదరక ఫోను లాక్కుని టకటకా మూడుసార్లు కొట్టారు. ఒకటే పడింది.

"ఏవండీ, నా చెయ్యి వణకదు కదా. నాకూ ఒకటే అంటుందేంటి?"

"కోపంగా ఉన్న చేతికి కూడా అంతేనండి" అన్నారు ఏలీయా గారు. "హన్నమ్మ గారి చేతికేం లోపం లేదు. మొన్న వణికింది నా ప్రోగ్రామండి."

గంగాధరరావు గారు ఫోనుని మళ్లీ హన్నమ్మ ముందు పెట్టారు. తరవాత ఆ ఉండి ఊరి మనిషికి ఫోన్ చేసి రావద్దని చెప్పారు. "హన్నమ్మా, పొద్దున్న నేనన్నది పడలేదులే. రేపు పెందలాడే రా" అన్నారు. ఆవిడ కొంగు విప్పి, ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుని, కాటా కడగడానికి నీళ్లు తెచ్చుకుంది.

ఇప్పుడు నేను చాలా పెద్ద ఆఫీసులో పనిచేస్తున్నాను. ఫోన్లు కాగితాల్లా పలచబడ్డాయి, ముట్టుకోకముందే పలుకుతున్నాయి. వేలు తీశాక కూడా కాస్త ఆగండర్రా అని నేనంటే కొత్తగా చేరినవాళ్లు ఒకరినొకరు చూసుకుంటారు. నేనూ ఒకప్పుడు అలా చూసినదాన్నే కాబట్టి ఏమీ అనను. ఆ మేడమీద ఆఫీసూ, నిత్యానందం టీ, ఆయన తడిసిన చొక్కా మాత్రం గుర్తొచ్చి మనసు లాగుతుంది.

ఆ రోజు వచ్చేటప్పుడు హన్నమ్మ ఒక శీలావతిని తామరాకులో చుట్టి ఈయన చేతిలో పెట్టింది. బస్‌స్టాండులో అదే కండక్టరు. ఏలీయా గారు మళ్లీ ఒక కాలు పైనా, ఒక కాలు కిందా. నా ప్రాణం కుదుటపడింది.

"వేలు తీశారా అండీ?" అన్నాడు కండక్టరు, నీరసంగా.

"తీశానండి" అంటూ రెండో కాలు కూడా పైకి పెట్టారు. కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

"కాస్త ఆగండి" అన్నాను నేను. "ఈయన తీశాక కూడా ఆగాలి."

అనడమే ఆలస్యం, ఏలీయా గారు గబగబా కిందకి దిగిపోయారు. చేపని బస్‌స్టాండు బల్లమీదే మర్చిపోయి ఎక్కేశారు మరి.