నేను చదివిన మొదటి మెనూ

మా అమ్మాయి సుమతి పుట్టినరోజు వేంకటేశ్వరస్వామికి పవిత్రమైన పెరటాసి నెలలో వస్తుంది. మా అమ్మ నేర్పిన నియమం ప్రకారం ఆ నెలంతా నేను మాంసం ముట్టను. అయినా ఏటా సుమతి నన్ను కౌలాలంపూర్‌లోని ఒక ఖరీదైన రెస్టారెంటుకు తీసుకెళ్తుంది. అక్కడ అమెరికా దక్షిణాది వంటలు చేస్తారు. మద్యం ధర తగ్గించే హ్యాపీ అవర్‌లో తనూ, స్నేహితులూ తాగుతారు. నాకు మాత్రం వేడి వేడి ‘యాపిల్ పై’ అనే తీపి వంటకం తెప్పిస్తుంది. దాని మీద కరకరలాడే పలుకులు జీడిపప్పు అనుకునేదాన్ని.

అరవై దాటాక నేను ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను. ఈసారి సుమతిని సంతోషపెట్టాలని, యాపిల్ పై తింటూనే మెనూ కార్డు తీసి కూడబలుక్కుని చదివాను. ‘యాపిల్ పై’ అన్న పేరు కింద ‘బేకన్’ అని ఉంది. సూపర్‌మార్కెట్‌లో పంది మాంసం విడిగా అమ్మే గదిలో చూసి నేర్చుకున్న మాట అది.

“ఏటే, ఇందులో పంది మాంసం ఉన్నాదా?”

సుమతి నవ్వి, ఇక్కడి వాళ్ల అలవాటులో మాట చివర ‘లా’ చేర్చింది. “పైన చిన్న ముక్కలే లా. ఏటా ఇదే తిన్నావు కదమ్మా!”

“మాంసం లేదని సెప్పినావు కదే!”

“సెప్తే తింటావా? నువ్వొక్కదానివే ఊరికే కూకుంటే బాగుంటాదా?”

“ఆంటీ చదివేస్తున్నారు!” అంటూ ఆమె స్నేహితురాలు చప్పట్లు కొట్టింది.

తెలియక తిన్నదాన్ని దేవుడు క్షమిస్తాడేమో. నాకు చదువు రాదన్న ధైర్యంతో కన్నకూతురే పెట్టిందన్నది మరచిపోలేను. ఇప్పుడు సుమతి ఏం తెచ్చినా, పొట్లం మీది అక్షరాలు చదివాకే నోట్లో పెట్టుకుంటున్నాను.