ఒక్క డ్రమ్మును ఆపే వీలు లేదు

నా తెలుగు అంత చక్కనిది కాదు, మన్నించగలరు. పగలు డ్యూటీ చేస్తూ, రాత్రి కళాశాలలో డిగ్రీ పూర్తి చేసినవాడిని.

పటాన్‌చెరులో నేను పనిచేసే మందుల ఫ్యాక్టరీ స్టోర్లో ఈ రోజు టోలిన్ అనే ద్రావకం డ్రమ్ము ఒకటి మూత తీయగానే హెల్పర్ యూసుఫ్ భాయ్ కళ్లు మండి కూలబడ్డాడు. అందులో వేరే ఏదో కలిసింది. ఆ ఒక్క డ్రమ్మును నిలిపివేద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కొత్త సాఫ్ట్‌వేర్‌లో టోలిన్ ఉంది, దాని మొత్తం లీటర్లు ఉన్నాయి, విడి డ్రమ్ములు మాత్రం లేవు. టోలిన్ ఒక రకమనీ, ప్రతి డ్రమ్మూ ఆ రకానికి చెందిన ఒక విడి వస్తువనీ, సాఫ్ట్‌వేర్‌లో మాత్రం రకాన్నే వస్తువుగా నమోదు చేశారనీ, దానిని తయారుచేసిన ఇంజనీరుకు ఫోనులో వివరించాను.

"టోలిన్ అంటే టోలినే గదా అన్నా. గా డ్రమ్ముకు పేరు పెట్టి తొట్టెల ఫంక్షన్ చెయ్యాల్నా ఏంది?" అన్నాడు.

మేనేజరు గారిని అడిగాను. "రిజెక్ట్ కొడితే టోలిన్ మొత్తం బంద్ అయితది. ఊకోవయ్యా ఇగ" అన్నారు. పక్కకు తీస్తే స్టాకు తగ్గుతుందని డ్రమ్మును మళ్లీ వరుసలోనే పెట్టించారు. నేను దానికి గుర్తుగా ఒక ఎర్ర గుడ్డ కట్టి వచ్చాను.

మా హెల్పర్లను కూడా ఆ కంప్యూటర్లో ఇలాగే ఎక్కించి ఉంటారా? మీకేమనిపిస్తుందో చెప్పండి.

ఇంద్రేశంలో మా పొద్దుటి షిఫ్టులోని ఉత్తరాది హెల్పర్లకు గదులు కిరాయికిచ్చినవారు దీనిని ముందుగా చదవాలి. ఎర్ర గుడ్డ కట్టిన డ్రమ్ము మూత తీయవద్దని ఆ హెల్పర్లకు ఈ రాత్రికే హిందీలో చెప్పాలి.