గెడ్డలోకి ముందు దిగినవాడు

ఉద్దానం క్రైస్తవ సంఘాలను చూడబోయే సోదరులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నేను సరదాకు బయలుదేరలేదు. వజ్రపుకొత్తూరు దగ్గరి ఒక పల్లెలో దానియేలు అనే సంఘస్థుడు, కూతురికి మశూచి సోకితే గుమ్మానికి వేపమండలు కట్టాడట. అది అమ్మవారికి మొక్కినట్టేనని, సంఘం జాబితాలోంచి అతని పేరు కొట్టేయాలని పట్నంలోని మా మిషను పెద్దలు ఉత్తరం రాసి నా చేతికిచ్చారు. ఆదివారం దాన్ని అందరి ముందూ చదివి తీరాలని నిశ్చయించుకున్నాను. సంఘకాపరి అన్నాక కర్ర ఎత్తాల్సిందేనని అప్పట్లో నా నమ్మకం.

శనివారం తెల్లవారుతుండగా పలాసలో రైలు దిగాను. ముప్పావలాకు ఎడ్లబండి కుదిరింది. దారంతా కొబ్బరితోటల మధ్య ఇసుక. మధ్యాహ్నానికి చేరితే గొప్పే. సగం దూరంలో దారికి అడ్డంగా వాగు, అక్కడివాళ్లు గెడ్డ అంటారు, పొంగి పారుతోంది. "బండి దిగదు అయ్యగారూ. నడుం లోతుంటాది," అంటూ బండివాడు కాడి దించేశాడు.

ఒడ్డున ఒక ముసలి గొర్రెల కాపరి మంద నీళ్లు చూసి మొరాయించింది. సాయం చేద్దామని నేను వెనక చేరి, గొడుగు ఊపుతూ అదిలించాను. మంద కాస్తా చెదిరి మొగలి పొదల్లో దూరింది. ఆయన నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. అన్నిటినీ మళ్లీ పోగుచేశాక అన్నాడు:

"తోలితే దిగవు బాబూ. ఆటికి నీళ్లంటే బయం."

"మరి నీకు?"

"నాకూ బయమే. నాను ముందు దిగితేనే అయి దిగుతాయి."

కుంటిగొర్రెను మెడమీద వేసుకుని దిగాడు. మధ్యలో ఆగి ఒక కూత వేశాడు. ముందు ఒక పొట్టేలు, దాని వెనక మిగతావి ఈదుకుంటూ వెళ్లాయి. ఆఖర్న నేను, గొడుగు ముడుచుకుని. మంచి కాపరి గురించి ఇన్నేళ్లుగా ప్రసంగాలు చేస్తున్నవాణ్ణి, సిగ్గేసింది.

మిగతా దూరం నడిచి పల్లె చేరేసరికి అక్కడి సంఘపెద్ద యోహానుగారు ఎదురొచ్చి, "ఉత్తరం తెచ్చినారా అయ్యగారూ?" అన్నారు. ముందు దానియేలు ఇల్లు చూపించమన్నాను. ఆయన వీధి మలుపులోనే ఆగిపోయి, "ఎల్లకండి. మాలో ఎవులూ ఎల్లనేదు," అన్నారు. భయం నాకూ ఉంది. అయినా తల వంచి, ఆ వేపమండల కింద నుంచి లోపలికి వెళ్లాను.

దానియేలు చాప పక్కన కూర్చుని కూతురి మీద ఈగలు తోలుతున్నాడు. నన్ను చూసి లేవలేదు. "పది దినాలై ఎవులూ గుమ్మం తొక్కనేదు అయ్యగారూ. మనుసులు రానప్పుడు ఆకులైనా ఉంటాయని కట్టినాను," అన్నాడు. పిల్ల నోట్లో కాసిని నీళ్లు పోసి, అక్కడే కూర్చుని ప్రార్థన చేశాను. కాసేపటికి గుమ్మంలో అలికిడైంది. యోహానుగారు గంజికుండతో నిలబడి ఉన్నారు.

ఆదివారం ఆ ఉత్తరం చదవలేదు, ఎవరూ అడగలేదు. పిల్ల బతుకుతుందో లేదో నేను బయలుదేరేనాటికి తెలియదు. గంజి మాత్రం అప్పటికే సంఘస్థుల ఇళ్ల నుంచి ఆ ఇంటికి వంతులవారీగా వెళ్తోంది. గుమ్మం బయట నిలబడి పేర్లు కొట్టేయడం నాకు ఎంత తేలికగా కనిపించిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ దారిన వెళ్లేవారికి ఒక్క మాట: వానల్లో బండి గెడ్డ దగ్గర ఆగిపోతుంది, పొడిపంచె ఒకటి సంచిలో పైనే పెట్టుకోండి. పెద్దలిచ్చిన ఉత్తరాలు అడుగున ఉన్నా తొందరేం లేదు.