పక్కపక్క బావ

బావ ఏదీ నెట్టులో పంపడు. ఫొటో కావాలంటే బస్సెక్కి మన ఇంటికే వచ్చి, తన ఫోను మన ఫోను పక్కన పెట్టి, టవరూ నెట్టూ లేకుండా ఇందులోంచి అందులోకి పాకేదాకా కూర్చుంటాడు. అందుకే పక్కపక్క బావ అయ్యాడు. ఒకసారి కరెంటు బిల్లు ఫొటో ఇవ్వడానికి పక్కూరెళ్ళి రెండు పూటలా భోంచేసి వచ్చాడు.

కళ్ళద్దాల షాపాయన భార్యకి ఈ బావ సొంత అన్న. ఆవిడ వానాకాలం మొదట్లో పోయింది. షాపాయన షాపు మూసేశాడు, పొయ్యి వెలిగించడం మానేశాడు. ఎందుకు బతకాలో ఆయనకి నిజంగానే తెలియలేదు. ఆవిడ గొంతున్న వీడియో ఒక్కటే మిగిలింది. మొగుణ్ణి దులిపేస్తూ పకపకా నవ్విన వీడియో. అదీ బావ ఫోన్లో ఉంది.

"పంపండి బావగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా చెల్లెల్ని నెట్టులో ఎవడి గోదాములోనో పడేసి పంపిస్తానా? వస్తున్నా!"

క్యారేజీతో సహా వచ్చాడు. ఫోన్లు పక్కపక్కన పెట్టారు. సగం వెళ్ళిందో లేదో, బావ తన ఫోను జేబులో వేసుకుని మంచినీళ్ళకి వంటింట్లోకి నడిచాడు. గది దాటితే చాలు, పంపడం ఆగిపోతుంది.

"తెగిపోయిందోయ్! మళ్ళీ మొదటికొచ్చింది. రేపొస్తా. ఈలోగా తిను, ఖాళీ కంచం ముందు నా ఫోను పనిచెయ్యదు."

మర్నాడు తుమ్మడానికి బయటికెళ్ళాడు. ఆ మర్నాడు, "నీ గడ్డంలో చిక్కుకుంటోందేమో, గీసుకో" అన్నాడు. తర్వాత, "ఇంట్లో గోడలు అడ్డమోయ్, షాపు తెరువు, అక్కడ పెడదాం" అన్నాడు.

"మీ కింద చీమలున్నాయా? ఒక్కచోట కూర్చోలేరా?" అని షాపాయన అరిచాడు. అరిచినా, గడ్డం గీసుకున్నాడు. షాపు తెరిచాడు. బావ వెళ్ళాక మాత్రం ఇల్లు మింగేసేది.

షాపు నిండా అద్దాలే. ఓ సాయంత్రం వాటిలో షాపాయనకి బావ బొటనవేలు కనిపించింది. అది మెల్లగా పాకి 'రద్దు' నొక్కింది.

"తెగిపోయిందోయ్!" అన్నాడు బావ, పైకప్పు వంక చూస్తూ.

షాపాయనకి ఒళ్ళు మండింది. తిట్టబోయాడు. అంతలో అదే అద్దంలో బావ కళ్ళు తుడుచుకోవడం కనిపించింది. తిట్టు మానేసి క్యారేజీ విప్పాడు.

మర్నాడు బావ నీరసంగా వచ్చాడు. "ఇవాళ ఇచ్చేస్తానోయ్. నిన్ను చాలా ఏడిపించాను" అని చేతులు కట్టుకు కూర్చున్నాడు. తుమ్మలేదు, నీళ్ళడగలేదు. ఫోను మీద గీత చివరికొచ్చింది. ఇంకొక్క రవ్వ పాకితే ఆవిడ నవ్వు షాపాయనదైపోతుంది.

షాపాయన తన ఫోను తీసి జేబులో వేసుకుని, వీధి మలుపు దాకా నడిచి వెనక్కొచ్చాడు.

"తెగిపోయింది బావగారూ. రేపు మళ్ళీ మొదలెడదాం. క్యారేజీలో మాత్రం కాస్త ఉప్పు తగ్గించమనండి."