సారంగపాణి కప్పిన శాలువ

దొరల గురించి నా నోట మంచి మాట రాదు, ముందే చెబుతున్నాను. సారంగపాణి కథ చెప్పాలంటే మాత్రం ఒక దొర అడ్డం రాక తప్పదు.

సారంగపాణి మా వాడకట్టు పద్మశాలి. మగ్గం వదిలి, హనుమకొండలో చిన్న అచ్చుయంత్రం పెట్టుకొని వారపత్రిక నడిపాడు. నాలుగు పేజీలు. మూడింటిలో ఏముందో ఎవరికీ పట్టేది కాదు. చివరి పేజీలో ‘ఈ వారం వెట్టి’ అని ఉండేది. ఎవరు ఎవరి చేత ఊరికే పని చేయించుకున్నారో, ఎవరి సొత్తు ఊరికే గుంజుకున్నారో పేర్లు పెట్టి వేసేవాడు. నిజాం పోలీసులు పత్రికను మూయించినా మళ్లీ తెరిచాడు. కలరా గత్తర వచ్చిన ఏడు వాడవాడా తిరిగి బావుల్లో మందు వేయించిందీ ఆయనే. అందుకే పోలీసు చర్య తర్వాత ఆయనను పట్టణ కమిటీలో సభ్యుణ్ణి చేస్తే మా వాడ సంబరపడింది.

ఆ కమిటీయే ఆయన కొంప ముంచింది. వర్ధన్నపేట దిక్కు దొర ఒకడు, నిన్నటిదాకా రూమీ టోపీ పెట్టి నిజాం అధికార్లకు సలాములు కొట్టినవాడు, ఖద్దరు టోపీకి మారాడు. చివరి పేజీలో ఎక్కువసార్లు ఎక్కిన పేరు వాడిదే. వాడికి సన్మానమట! శాలువ సారంగపాణే కప్పాలట! ఒప్పుకుంటే సాలెవాడకు నూలు డిపో ఇప్పిస్తామన్నారు కమిటీ పెద్దలు. సర్కారు కంట్రోలు వల్ల నూలు దొరక్క మగ్గాలు మూలపడ్డ రోజులవి. ఒప్పుకున్నాడు.

మన సాలెవాళ్లు నేసిన మంచి శాలువ ఒకటి తెప్పించమని గుమాస్తాకు చెప్పాడు. గుమాస్తా బంట్రోతుకు చెప్పాడు. బంట్రోతుకు తెప్పించే పద్ధతి ఒక్కటే తెలుసు.

సభలో చప్పట్లు మోగాయి. శాలువ కప్పి దిగివస్తుంటే సాలెవాడ రాజవ్వ ఎదురైంది. ఆమె నూలు కండెలు చుడితే పెనిమిటి మొండయ్య నేసిన పట్టంచు శాలువ అది. అమ్ముకుందామని దాచుకున్నారు. బంట్రోతు వచ్చి ఊరికే పట్టుకుపోయాడు. విన్న సారంగపాణి మొహం నల్లబడింది. ధర ఎంతైనా ఇస్తానని జేబులో చెయ్యి పెట్టాడు.

“పైసలకైతే అప్పుడే కొట్లాడుదును బిడ్డా,” అంది రాజవ్వ. “నీ పేరు జెప్పిండ్రు. నీ పేరు జెప్పినంకనే నోరు మూసుకున్న.”

ఆయన పరుగున దొర కారు దగ్గరికి పోయి శాలువ తిరిగి ఇమ్మని అడిగాడు. దొర నవ్వి, మీ చేతులతో కప్పింది ఎట్లా విప్పుతానన్నాడు.

ఆ వారం చివరి పేజీలో ఒక్కటే పేరు పడింది. రాజవ్వ, మొండయ్యల చేత వెట్టి చేయించినవాడు: ఈ పత్రిక సంపాదకుడు సారంగపాణి. కింద కమిటీకి తన రాజీనామా వేసుకున్నాడు.

రాజీనామా ఆ రోజే ఆమోదించారు. నూలు డిపో దొర బామ్మర్ది ఇంట్లో తెరిచారు. ఇంతటితో ఆగితే వాడు దొర ఎందుకవుతాడు? ఆ పత్రికలన్నీ కొనిపించి వర్ధన్నపేట అంగట్లో పంచిపెట్టించాడు. చదువురాని వాళ్లకు ఆ ఒక్క పేరూ చదివించి వినిపించాడు.

“సూడుండ్రి, వెట్టి ఎవలు చేపిస్తాండ్రో,” అన్నాడట.

అప్పుడు కూడా వాడి భుజాల మీద మొండయ్య నేసిన శాలువే ఉంది.