డబ్బా పైకెగిరిన ఆదివారం: గోదావరిఖని నుంచి పెద్దపల్లికి

ఆ ఉదయం మా ఇంట్లో ఏ ప్రత్యేకతా లేదు. దేవుడికి దీపం పెట్టి లేచేసరికి ఏడున్నర. తమ్ముడు రాజయ్య రాత్రి షిఫ్టు దిగి వచ్చి, బూట్లు గుమ్మం బయట విడిచి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఇరవై ఏళ్లుగా అతనిది బాయి పని. బొగ్గు గనిని మేము బాయి అంటాం. మరదలు లక్ష్మి చాయ్ తెచ్చింది. పదో తరగతి చదివే మేనకోడలు శ్రావణి బడిలో ఇచ్చిన పోటీ కాగితం పట్టుకుని అతని ముందు నిలబడింది. చిన్న డబ్బాలో ఉష్ణోగ్రత కొలిచే పరికరం పిల్లలే బిగించాలి. పెద్దపల్లిలో దాన్ని పెద్ద గాలిబుడగకు కట్టి ఎగరేస్తారు. బాగా చేసిన వాళ్లకు హైదరాబాద్‌లో పది రోజుల అంతరిక్ష విజ్ఞాన శిబిరం.

"పది దినాలా? ఆడపిల్లకు తోడెవరు పోతరు?" అన్నాడు తమ్ముడు.

"ముందు పెద్దపల్లికి నేను పోత," అన్నాను.

"సరే అక్కా. పైకి పోయినంక డబ్బా పనిచేస్తే చూద్దాం. చెయ్యకపోతే హైదరాబాద్ ముచ్చట మళ్ల తియ్యద్దు."

మూడు వారాల తర్వాత, ఆదివారం ఎనిమిదింటికి గోదావరిఖని బస్టాండులో కరీంనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం. బసంత్‌నగర్ మీదుగా పెద్దపల్లికి సుమారు గంట. శ్రావణి డబ్బాను ఒడిలోంచి దించలేదు.

"ఏంది బిడ్డా, సద్ది డబ్బానా?" అన్నాడు కండక్టర్.

"ఉపగ్రహం, అన్నా."

"అయితే దానికి టికెట్ కొట్టాలె. అది ఆడదో మగదో తెల్వదు గదా!"

పెద్దపల్లిలో దిగి, మనిషికి ఇరవై రూపాయల షేర్ ఆటోలో ఊరి చివరి కాలేజీ మైదానం చేరేసరికి తొమ్మిదిన్నర. పదకొండున్నరలోగా డబ్బా నుంచి అంకెలు కంప్యూటర్‌కు అందాలి. అందకపోతే దాన్ని బుడగకు కట్టరు. మా వంతు వచ్చేసరికి పదింబావు. శ్రావణి మీట నొక్కింది. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది. మూత తీసి చూస్తే బ్యాటరీ ఉండాల్సిన చోటు ఖాళీ.

"రాత్రి నేనే పెట్టిన అత్తమ్మా," అంది.

ఇంటికి ఫోన్ చేశాను. లక్ష్మి తమ్ముణ్ణి నిద్ర లేపింది.

"బ్యాటరీనా? డ్యూటీ దిగొచ్చి నేనే తీసి అలమార్ల పెట్టిన. బస్సు కుదుపులకు తీగలు తగిలి నిప్పురవ్వ లేస్తే? మమ్ముల బాయిలకు అగ్గిపుల్ల గూడ తీస్కపోనియ్యరు."

గనిలో గ్యాస్ ఉంటుంది. ఒక్క రవ్వ చాలు. అలవాటైన జాగ్రత్తతో తీశాడు. చెప్పడం మరిచి పడుకున్నాడు.

"పదకొండున్నర లోపల కావాలె రాజయ్యా."

"బండి మీద వస్తున్న."

శ్రావణి గేటు బయట రెండు దుకాణాలు తిరిగి వచ్చింది. ఆ రకం బ్యాటరీ లేదు. టిఫిన్ బండి దగ్గర ఉప్మా పెట్టించుకున్నాను గానీ చూపంతా రోడ్డు మీదే.

"పిల్ల ఓడిపోతదని ఫికరా అక్కా?" అంది బండి ఆమె.

"మా తమ్ముడు రాత్రంత నిద్ర లేకుండ లారీల నడుమ వస్తున్నడమ్మా."

ఆమె నీళ్ల గ్లాసు పెట్టింది. కళ్లు మూసుకుని నామం చెప్పుకున్నాను. బ్యాటరీ కోసం మొక్కుకోలేదు.

పదకొండూ ఇరవైకి వచ్చాడు. కళ్ల అంచుల్లో బొగ్గు నలుపు ఇంకా ఉంది. శ్రావణి చేయి చాపి బ్యాటరీ అందుకుంది, తీగలు కలిపింది. తెర మీద అంకెలు వచ్చాయి.

తాడు వదులుతుంటే బుడగ లేచింది. ఉష్ణోగ్రత మెల్లగా తగ్గుతోంది.

"పైకి పోతే సల్లగైతదా? మాకు లోపలికి పోయినకొద్ది ఉక్కపోత," అన్నాడు తమ్ముడు, తలెత్తి చూస్తూనే.

అంతలో అంకెలు ఆగిపోయాయి. పనిచేసింది నాలుగు నిమిషాలే. డబ్బాను కిందికి దించి, నిర్వాహకురాలు కారణమడిగింది. తమ్ముడు నోరు తెరిచేలోపే శ్రావణి ఊడిన తీగ చూపించి చెప్పింది: "తొందరల తీగ గట్టిగ బిగియ్యలే మేడం. తప్పు నాదే."

ఆమె కాసేపు డబ్బా తిప్పి చూసి, "ఎక్కడ తప్పిందో తెలుసుకున్నావు. శిబిరానికి నీ పేరు రాస్తాను. నాన్న సంతకం కావాలి," అంటూ అనుమతి కాగితం ఇచ్చింది.

తమ్ముడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇంటికి పోయినంక చూద్దాం."

తమ్ముడు బండి మీద వెళ్లాక, తిరుగు బస్సులో శ్రావణి మూత తీసి ఆ తీగనే చూస్తూ కూర్చుంది. ఆకాశం గురించి పుస్తకంలో చదవడం వేరు, పని చేయని డబ్బా ముందు కూర్చుని కారణం వెతకడం వేరని ఆ రోజు నాకు తెలిసింది. పిల్లల్ని తీసుకెళ్లే వారికి ఒకటే సలహా: గడప దాటే ముందు పరికరాన్ని ఒకసారి నడిపించి చూడండి.

సాయంత్రం నలుగురం కూర్చున్నాం.

"మధ్యల ఆగింది గదా," అన్నాడు తమ్ముడు.

"ఆగింది బాపూ."

"బ్యాటరీ నేను తీసిన ముచ్చట మేడంకు ఎందుకు చెప్పలే?"

"తీగ బిగించింది నేను గదా."

శిబిరానికి నేను తోడు వెళ్తానన్నాను. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

"వద్దక్కా. తన తప్పు తానే ఒప్పుకున్న పిల్ల, ఒక్కతే పోతది."

పొద్దున, సాయంత్రం ఫోన్ చేయాలని లక్ష్మి షరతు పెట్టింది. రోజుకు ఒక్కసారే చేస్తానంది శ్రావణి. ఒక్కసారికే ఒప్పుకున్నాం. తమ్ముడు జేబులోంచి కాగితం తీసి సంతకం పెట్టాడు.