రెండువైపులా రాసిన నవల

కుడి కంటికి కూడా శుక్లం దిగుతోందని డాక్టరు చెప్పిన వారానికే, మూడేళ్ళుగా రాసిన నవలను పాత చీర ముక్కలో మూటకట్టి రాజమండ్రి బయలుదేరాను. పెళ్ళిళ్ళకు వంటలు చేసి పిల్లల్ని పెంచిన మా పిన్ని కథ అది. ఎడిటర్లకు తీరిక ఉండదని విని, దాన్ని నాలుగు మాటల్లో చెప్పడం పొయ్యి దగ్గర వారం రోజులు వల్లించాను.

నిడదవోలులో ఏడుంబావుకు పాసింజరు. పెరుగన్నం క్యారేజీ పక్కన పెట్టుకుని, మూట ఒళ్ళో పెట్టుకున్నాను. కొవ్వూరులో గాజుల బుట్టతో ఒకావిడ ఎక్కింది.

"మామ్మగారూ, అంత గట్టిగా పట్టుకున్నారు, బంగారమేంటండీ?"

"నవల. నేనే రాశాను."

"అయితే చెప్పండి, వంతెన దాటేలోగా అయిపోద్దా?"

నాలుగు మాటలూ అప్పజెప్పాను.

"మరి ఆ వంటావిడ సొంత కూతురి పెళ్ళికీ తనే వండిందాండీ?"

"వండింది. విధవ కదా, పీటల దగ్గరికి మాత్రం రానివ్వలేదు."

వంతెన దాటేదాకా ఆవిడ ఆ పెళ్ళి గురించే అడిగింది. నాకు ధైర్యం వచ్చింది.

గోదావరి స్టేషన్లో దిగి, రిక్షా దండగని నడిచాను. నవలలు అచ్చేసే ఆఫీసు ప్రెస్సు మేడమీద. పదింటికి వెళితే పదకొండున్నరకు పిలిచారు. ఎడిటరు పై కాగితం తీశాడు, తిప్పాడు, ఇంకొకటి తిప్పాడు.

"కాగితానికి ఒకవైపే రాయాలండి. ఇలాగైతే కంపోజింగువాళ్ళు ముట్టుకోరు."

"కథ చెబుతాను బాబూ, నాలుగే మాటలు."

"తిరగరాసి తెండి మామ్మగారూ, అప్పుడు చూద్దాం."

చదివింది మూడో క్లాసే అయినా కాగితం విలువ నాకు తెలుసు. ఖాళీగా వదలడమంటే అన్నం పారేసినట్టే. అందుకే అంచుల్లో కూడా రాశాను. నా వెనక వెళ్ళేవారు ఈ నియమం ముందే తెలుసుకోండి. ఆ ఆఫీసు గోడమీద ఎక్కడా రాసి లేదు.

రేవు మెట్ల మీద క్యారేజీ విప్పాను. సయించలేదు, పారేయలేక తిన్నాను.

తిరుగుబండి మూడింటికి. తిరగరాయాలంటే ఏడాది పడుతుంది. కన్ను ఏడాది ఆగదు. కోడలి చేత రాయిద్దామంటే, నా గిలుకుడు రాత నాకు తప్ప ఎవరికీ అందదు. రాజమండ్రి వెళ్ళివచ్చినందుకు నా కథ విన్నది గాజులావిడ ఒక్కతే.

ఎదుటి సీటు పెద్దాయన లేచి, "మూటలో ఏంటండీ, పైన పెట్టమంటారా?" అన్నాడు.

"పాత కాగితాలు. పెట్టండి," అన్నాను.